పన్నెండు గంటల పనిని ఎనిమిదికి దించిన తిప్పేస్వామిగారు

నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీ తిప్పేస్వామిగారు 1972 ఆగస్టు ఒకటవ తేదీన అనంతపురంలోని మన పంటల గణాంక కేంద్రంలో గుమాస్తాగా చేరారు. కార్డులకు చిల్లులు పొడిచే పనితో ఆరంభించి, స్వయంకృషితో, నిరంతర అధ్యయనంతో, 1985లో నాలుగు ప్రాసెసర్ల కంప్యూటరు వచ్చేనాటికి దానికి ప్రోగ్రాములు రాయగల ఏకైక ఉద్యోగిగా ఎదిగారు. పట్టాలున్నవారు పక్క గదిలో ఫ్యాను కింద కూర్చునేవారు. అది వేరే సంగతి.

1987లో వానలు మొహం చాటేశాయి. పంట పోయిన గ్రామాల జాబితా మనం పంపితేగాని పశువులకు గడ్డి కేంద్రాలు తెరవరు. ఆ లెక్కకు పన్నెండు గంటలు పట్టేది. కోతల వల్ల కరెంటు పది గంటలే ఉండేది. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికే. అప్పుడు మన అధిపతిగారు రెండు పాత ప్రాసెసర్లు తీయించి, రెట్టింపు వేగం గల రెండు కొత్తవి పెట్టించి, గ్రామాలను మాత్రం నాలుగింటికీ సమానంగానే పంచమన్నారు. కొత్తవి ఆరు గంటల్లో ముగించి ఊరకే కూర్చున్నాయి. పాతవి మాత్రం పన్నెండు గంటలూ అడిగాయి.

మొదటి రోజే తిప్పేస్వామిగారు చెప్పారు: "సార్, కలుపు తీసేకాడ సాళ్ళు సమంగా పంచరు సార్. ముందు అయిపోయినోళ్ళు ఇంకో సాలు పట్టుకుంటారు. మా యమ్మ అక్కమ్మ కూలోళ్ళను అట్లే నడిపిస్తాండె."

"ఇది శెనక్కాయ చేను కాదయ్యా, కంప్యూటరు!" అన్నారు అధిపతిగారు. ఎంత పొగరు!

తొమ్మిది రోజులు అదే తంతు. తొమ్మిదో రోజు యాడికి గ్రామం నుంచి ఓబమ్మ అనే రైతు వచ్చి మన కిటికీ పట్టుకుని అరిచింది: "ఏమప్పా, మీ మిషను లెక్క తేలేలోపల రెండు ఎనుములు సచ్చిపాయ! గడ్డి యాడ?"

పదో రోజు తిప్పేస్వామిగారు ఎవరినీ అడగలేదు. గ్రామాలను చిన్న చిన్న కట్టలు చేసి, ఖాళీ అయిన ప్రాసెసరు తర్వాతి కట్టను అందుకునేలా ప్రోగ్రాము మార్చారు. ఎనిమిది గంటల్లో జాబితా తేలింది. గడ్డి వచ్చింది.

మరి బహుమానం? అనుమతి లేకుండా ప్రోగ్రాము మార్చారని మెమో! ఆ ఒక్క కాగితంతో పదోన్నతి ఆగింది. దాన్ని టైపు చేసిన చేతులు నావే. అన్యాయమని తెలిసీ నోరు మెదపలేదు. నామీద నాకే ఒళ్ళు మండుతోంది. నేడు పూలదండ వేసిన పెద్దలెవరూ ఆ మెమో ఊసెత్తలేదు. ఈ క్షణానికీ అది ఆయన ఫైలులోనే ఉంది.

తిప్పేస్వామిగారూ, తమరు ఆయురారోగ్యాలతో, సతీమణి సుబ్బరత్నమ్మగారితో కలిసి కలకాలం సుఖంగా ఉండాలి. ఆ మెమోను రద్దుచేస్తూ, తప్పు తమది కాదని రాసిన కాగితం తమ చేతికి అందేదాకా ఉండి తీరాలి. ఈ కార్యాలయం వేగం తెలిసినవాణ్ణి గనుక, నూరేళ్ళు చాలవని, నూటపాతికేళ్ళు కోరుతున్నాను.