పేరెత్తరాని కొండ మీది టవరు

1986 మార్చి మూడో తేదీన ఖొవ్ద్ పట్టణపు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉద్యోగంలో చేరిన శ్రీమతి నంసల్మా గారు, నేడు రాజధానిలోని మన మొబైల్ విస్తరణ విభాగం నుండి పదవీ విరమణ పొందుతున్నారు. ఈ సందర్భంగా సహోద్యోగులందరి తరఫున వారికి సగౌరవ అభినందనలు.

తొలి సంవత్సరాలలో ఆమె బోర్డులో తీగలు గుచ్చి మనుషులను కలిపారు. తీగలు లేకుండా కలిపే విద్యను మరమ్మతు బండ్లలో కూర్చుని, మంచులో చేతులు పగిలినా విడవక నేర్చుకున్నారు. పదోన్నతులు మాత్రం ఆలస్యంగా వచ్చాయి. ఎందుకో ఈ విరమణ సంచికలో రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. తెలిసినవారు నేటి సభలో ముందు వరుసలోనే కూర్చుని ఉంటారు.

దేశంలోని ప్రతి ఆవాసానికీ మొబైల్ సంకేతం అందించాలని ప్రభుత్వం విధానం ప్రకటించిన నాడు, ఒక పడమటి లోయకు అందులో చోటు దక్కలేదు. సర్వే వాళ్ళు వేసవిలో వచ్చారు. వేసవిలో కాపరులు మందలతో ఎగువ పచ్చికలకు పోతారన్న ఇంగితం వారికి లేకపోయింది. ఖాళీ లోయను చూసి, జనావాసం లేదని తేల్చి వెళ్ళిపోయారు. అంతకు ముందటి చలికాలమే అక్కడ లువ్సాన్ అనే ముసలి కాపరి కోడలికి నొప్పులు వచ్చాయి. వైద్యుడి కోసం గుర్రం మీద పోయిన మనిషి తిరిగి వచ్చేసరికి బిడ్డ దక్కలేదు. నంసల్మా గారు టవర్లు మంజూరు చేసే కమిటీ పెద్దలను నడి చలిలో ఆ లోయకు తీసుకుపోయి, గుడారాల మీద లేస్తున్న పొగలు చూపించారు. వేళ్ళు కొంకర్లు పోయిన పెద్దలు అక్కడికక్కడే టవరు మంజూరు చేశారు.

టవరు లోయకు ఎదురుగా కొండ మీద నిలిచింది. కొండ కంటికి కనిపిస్తున్నంతసేపు దాని అసలు పేరు అక్కడెవరూ ఎత్తరు. దయగల దొర అనే అర్థంలో ‘ఖైర్‌ఖాన్’ అని ఊరుకుంటారు. మన నిబంధన వేరు. తొలి పరీక్ష కాల్‌లో స్థలం అధికారిక నామం స్పష్టంగా పలకాలి.

"ఆ పేరు ఇక్కడ అనకమ్మా," అన్నాడు లువ్సాన్. "పిలిస్తే పలకడం ఆయనకు అలవాటు."

"ఒక్కసారే తాతా. అనకపోతే టవరు పాసవదు."

"పాసవడానికి ఇదేం బడా? సరే, నీ ఇష్టం. నేను మాత్రం ఇక్కడుండను," అని ఆయన గుర్రమెక్కాడు.

నంసల్మా గారు పేరు పలికారు. రాజధానిలోని అధికారి బదులిచ్చేలోపే, లైనులో ఎవరో "ఊఁ" అన్నారు. మన పేరు మనం విన్నప్పుడు ఎలా అంటామో, అలాగే.

"పక్కన ఎవరమ్మా?" అన్నాడు అధికారి.

పక్కన ఎవరూ లేరు. గాలి కూడా లేదు.

సంగతి లోయంతా పాకింది. ఆ టవరు మీద ఒక్కరూ ఫోను చేయలేదు. ఏడాదిపాటు కాల్ సాగని టవరును ఊడదీసి జనం ఎక్కువున్న చోటికి తరలించాలని మన విధానంలోనే ఉంది. లువ్సాన్ కోడలు మళ్ళీ గర్భవతి అయింది. టవరుకిచ్చిన ఏడాది గడువు దగ్గర పడింది. టవరు పోతే మళ్ళీ గుర్రమే దిక్కు.

ఊడదీయడానికి వెళ్ళిన బృందం కొండ మీద నుండి పై అధికారికి కబురు పెట్టింది: ఇక్కడ మంచు మీద అడుగు జాడ లేదు, కానీ టవరు రోజూ మధ్యాహ్నం పని చేస్తోంది. వచ్చే కాల్‌కు నంబరు లేదు, అందుకే లెక్కకెక్కలేదు. పోయే చోటు మాత్రం ఉంది: నంసల్మా గారి బల్ల మీది ఫోను.

అధికారి ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలదీశాడు. "ఏడాదిగా ఎవరితో మాట్లాడుతున్నావు?"

"చందాదారుడితో."

"ఏం మాట్లాడతాడు?"

"చలికాలం క్షేమంగా గడుస్తోందా అని నేనడుగుతాను. ఊఁ అంటాడు."

"పేరు చెప్పు."

"ఒకసారి చెప్పాను. చాలు."

అప్పుడే ఫోను మోగింది. అధికారే ఎత్తాడు, విన్నాడు, పెట్టేశాడు. టవరు జోలికి మళ్ళీ పోలేదు.

ఈ మాట విని లువ్సాన్ తొలిసారి ఫోను చేశాడు. "ఆయనే మాట్లాడుతుంటే మేం మూతి ముడుచుకుని కూర్చుంటే ఏం మర్యాదమ్మా?" అన్నాడు. ఆ నెలలోనే కోడలికి నొప్పులు మొదలైతే కబురు ఫోనులో వెళ్ళింది, వైద్యుడు వేళకు వచ్చాడు. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. ఈ విభాగం చేసిన ఘనకార్యాలన్నీ పక్కన పెట్టండి. ఈ అభినందన రాస్తున్న నాకు ఇదొక్కటి చాలు.

విరమణ పొందుతున్నవారి లైనులు తొలగించాలన్న ఉత్తర్వు ప్రకారం నిన్న ఉదయం ఆమె ఫోను తీగ పీకేశారు. మధ్యాహ్నం అది మోగింది. గదిలో అందరం ఉన్నాం. ఆమె తొణకకుండా ఎత్తి, "రేపటి నుంచి ఇంటికి చెయ్యండి," అన్నారు. అవతల "ఊఁ" అనడం మేమందరం విన్నాం.

నంసల్మా గారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనవల సందడి మధ్య నిండు నూరేళ్ళు జీవించాలని మనసారా కోరుకుంటున్నాం. ఆమెకు రోజూ ఫోను చేసి క్షేమం అడుగుదాం. మధ్యాహ్నం వేళ మాత్రం ఎవరూ చేయకండి. ఆ లైను ఖాళీగా ఉండాలి.