పద్నాలుగో రోజు

వడోదరలోని కంటి ఆసుపత్రి వరండా. బల్ల మీద కిరీట్‌భాయ్, పక్కన కూతురు హేతల్.

“...అంటే మమ్మీకి కుడికన్ను ఇక కనపడదు. అదేగా డాక్టరు అన్నది?”

“ఎడమది బాగానే ఉందన్నాడుగా.”

“నేనడిగింది కుడిది, పప్పా.”

“అవును. అదే అన్నాడు.”

“ఆ చుక్కలమందు చేసింది నువ్వే. ఏం కలిపావందులో?”

“అన్నీ మంచివేనే తల్లీ. మందు మంచిదే. క్రిములు చేరకుండా కాపలాకి వేసే మందూ మంచిదే. చుక్క వెంటనే జారిపోకుండా కాస్త జిగురు వేశాను. అదీ మంచిదే.”

“మరి?”

“సీసాలో పడ్డాక జిగురు వెళ్లి కాపలా మందుని వాటేసుకుంది. ఇక అది ఎవర్ని ఆపుతుంది? మూత తీసిన ప్రతిసారీ క్రిములకి పండగే.”

“ముప్పై ఏళ్ల నుంచి మందుల ఫ్యాక్టరీలో ఇదే పని కదా నీది! తెలీదా?”

“తెలుసు. కొంచెమే వేశాను కదా, ఏం కాదులే అనుకున్నా. అందుకే పరీక్ష కూడా పెట్టాం. మందులోకి క్రిములు వదిలి, చస్తాయో లేదో ఇరవై ఎనిమిది రోజులు చూడాలి.”

“చూడకుండానే ఇంటికెందుకు తెచ్చావ్?”

“పాత చుక్కలు వేస్తే మంటకి ఏడ్చేసేది మీ అమ్మ. పూసలు గుచ్చడం కూడా మానేసింది. ఇది వేస్తే ‘చల్లగా ఉంది’ అని నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది, హేతల్...”

“ఫ్యాక్టరీలో తెలుసా?”

“తెలీదు. దొంగతనంగా తెచ్చా. రేపు అందరి ముందూ ఒప్పుకుంటా. కానీ పరీక్షలు చూసే ఆ జిగర్‌ని మాత్రం వదలను. పద్నాలుగో రోజుకే క్రిములు పెరిగాయట. ఆ శుక్రవారం నాకొక్క మాట చెప్పుంటే సీసా అప్పుడే పారేసేవాణ్ణి. కన్ను దక్కేది.”

“చెప్పలేదా?”

“ఫోన్ చేశానంటాడు. అబద్ధాలకోరు! వాడి ఉద్యోగం—”

“జిగర్‌భాయ్‌ని ఏమీ అనకు, పప్పా.”

“వాణ్ణెందుకు వెనకేసుకొస్తావ్?”

“ఆ రోజు నీకు జ్వరం. మాత్ర వేసుకుని పడుకున్నావ్.”

“అయితే?”

“నీ ఫోన్ నేనే తీశా. ‘పరీక్ష పోయింది, సార్ లేవగానే చెప్పమ్మా’ అన్నాడు. నాకేం అర్థం కాలేదు. సరేనన్నా... మర్చిపోయా. ఫోన్ పెట్టేసి, మమ్మీ పిలిస్తే వెళ్లి, కంట్లో ఆ చుక్కలే వేశా, పప్పా.”