సరే మేస్త్రీ

కొత్త భవనంలో బిగించిన లిఫ్టు మొదటిసారి పన్నెండో అంతస్తుకు వెళ్లాలి. మేస్త్రీ లోపల నిలబడ్డాడు. బయట బటన్ మీద చెయ్యేసి ఆయన బావమరిది.

"కానీరా, నొక్కు."

"ఒక్క నిమిషం బావా. ఇనప తాడు ఇంకోసారి చూద్దామా?"

"నలుగురు చూశారుగా. ఎలా ఉందంటే నలుగురూ 'సరే మేస్త్రీ' అన్నారు."

"అదే నా భయం. ఈ పదిహేను రోజుల్లో మనవాళ్ల నోట ఇంకో మాట విన్నావా?"

"గొడవల్లేకుండా పని సాగుతుంటే నీకేంట్రా బాధ? ఇదివరకు ప్రతి బోల్టుకీ పంచాయితీయే. ఇప్పుడు అందరూ ఒక్క మాట మీద ఉన్నారు."

"ఒక్క మాటా పాడా! నోరు కుట్టుకుని ఉన్నారు. పదిహేను రోజుల కిందట వెల్డర్ 'ఆగండి' అన్నందుకు అందరి ముందూ కడిగిపారేశావు."

"ఏదో కోపంలో అన్నాను. అప్పుడే మర్చిపోయాను."

"వాళ్లు మర్చిపోలేదు. పొద్దున వెల్డర్ తాడు చివర తడిమి చూశాడు. ఏదో చెప్పబోయి, నీ మొహం చూసి తల దించుకున్నాడు."

"నువ్వు చూసి కూడా అప్పుడే చెప్పలేదేం?"

"ఆ నలుగురిలో నేనూ ఒకణ్ని బావా. నేనూ 'సరే మేస్త్రీ' అన్నాను."

"... బటన్ మీంచి చెయ్యి తియ్యరా."

"తీశాను. నువ్వు మెల్లగా బయటికి రా."

"వెల్డర్ని పిలువు. వాడితో ఏమనాలిరా? నామోషీగా ఉంది."

"ఏమీ అనొద్దు. వాడు చెప్పేది విను. ఈసారి 'సరే' నువ్వను."