రేపటి పట్టుబడి

ఏలూరు ఇండోర్ స్టేడియంలో బాస్కెట్‌బాల్ సెమీఫైనల్ అప్పుడే ముగిసింది. ఆకివీడు చేపల చెరువుల ఆసామి ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. పక్క సీటులో ఉంగుటూరు మాస్టారు.

“చూశారాండీ? శామ్యూల్ దిగాకే మనవాళ్ళు గెలిచారు. రేపు ఫైనల్లో వాణ్ణి మొదటినుంచీ ఆడించాలి.”

“బెంచీ మీదుంటేనే మేలండి, మాస్టారూ. చివర్లో దిగి, అలిసిపోయినవాళ్ళ దగ్గర బంతి లాగేసుకుంటాడు.”

“ఎన్నాళ్ళండీ బెంచీ మీద? రేపు రాష్ట్ర టీమ్ సెలెక్టర్లు వస్తున్నారు. వాళ్ళ కంట్లో పడితే కుర్రాడి దశ తిరిగిపోద్ది.”

ఆసామి గొంతు తగ్గింది.

“రేపు వాడు రాడండి.”

“అదేంటండీ?”

“మా చెరువు మీద వల లాగేవాళ్ళకి మేస్త్రి వాడే. రేపు చేపల పట్టుబడి. లారీలో పాడవకుండా చేపల కడుపు ఖాళీగా ఉండాలని ఇవాళ మేత కూడా ఆపించేశాను.”

“మరి ఇందాక వాడు ఆఖరి బాస్కెట్ వేసినప్పుడు నా భుజం పట్టుకుని ఊపేసిందెవరండీ?”

కింద శామ్యూల్‌ని భుజాల మీద ఎత్తుకుని కోర్టంతా తిప్పుతున్నారు. ఆసామి అటే చూస్తూ ఫోన్ తీసి చెరువు కాపలావాడికి చేశాడు.

“ఒరేయ్, చేపలకి మేత వేసెయ్.”