బాత్రూమ్ వాటం

ఆ పొద్దున తెల్లాపూర్‌లో ఎల్లేశం టీ కొట్టు దగ్గర ఆకాష్ టీ చల్లారబెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళమ్మ బుచ్చమ్మ మోకాలి ఆపరేషనై కూతురింట్లో ఉంది. ఆమె మెట్లెక్కే పని లేకుండా కిందే బాత్రూమ్ కట్టిస్తానన్న కాంట్రాక్టర్ నేల పగలగొట్టి పోయాడు, మళ్ళీ ఫోనెత్తలేదు. "నా ఇంటికి నేనెప్పుడొస్త కొడుకా" అని ఆమె రోజూ అడుగుతోంది.

"నమ్మకమైన మేస్త్రి దొరుకుతలేడే అన్నా," అన్నాడు ఎల్లేశంతో.

పక్క బల్ల మీది సీతారామాంజనేయులుగారికి ప్రాణం లేచొచ్చింది. ఆయన కాకినాడ నుంచి వచ్చి ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న రిటైర్డ్ ఉద్యోగి. చంకలో నేల మీది నీళ్ళు నెట్టే కొత్త వైపర్ ఉంది, ధర చీటీ కూడా ఊడదీయలేదు.

"మేస్త్రీని పట్టుకోవడం ఒక విద్య బాబూ. నేను రేటు అడగను, పాత పనులు చూడను. టీ ఇప్పించి, గ్లాసు ఎలా దించుతాడో చూస్తాను. చుక్క ఒలికిందా, పంపించేస్తాను. అలా జల్లెడపట్టి ఒకణ్ణి పట్టానండి. మా బాత్రూమ్ నేలకి వాడిచ్చిన వాటం ఉంది చూశారూ, చెంబుడు నీళ్ళు పోస్తే జారిపోవాల్సిందే, చుక్క నిలవదు."

చుక్క నిలవని నేల మీద అమ్మ కాలు జారదు. ఆకాష్ ఫోన్ తీశాడు. "నంబర్ చెప్పండి అంకుల్."

"చెప్తాను, ముందు వినండి. పని అయిన మర్నాడు సబ్బు చెయ్యిజారితే తిన్నగా నీళ్ళు పోయే జాలీ దగ్గరికెళ్ళి ఆగింది. ఆ తర్వాత ఏమైందనుకున్నారు? నిండు బకెట్టు దానంతటదే నడిచెళ్ళి దాని పక్కన కూర్చుంది. మా ఆవిడ భ్రమరాంబ హడలిపోయి గుమ్మానికి పసుపు రాసింది."

"గిట్ల కూడ అయితదా సార్," అన్నాడు ఎల్లేశం, పాలు పొంగకుండా చూస్తూ.

"ఇంకా విను. మొన్న కుండపోత వానకి ఐటీ ఆఫీసుల రోడ్డంతా మునిగి, ఉన్నట్టుండి తేలిపోయిందా? అందరూ మున్సిపాలిటీ వాళ్ళనుకున్నారు. ఆ పూట నేను మా బాత్రూమ్ తలుపు తెరిచిపెట్టానండి. గచ్చిబౌలి నుంచి వరసకట్టి వచ్చాయి నీళ్ళు. దుర్గం చెరువు కూడా కదలబోయింది, నేనే జాలీ మీద పీటేసుకుని కూర్చున్నాను. అక్కడ పడవలు నడిపేవాళ్ళ పొట్టకొట్టడం ఎందుకని."

ఎల్లేశం ఆయన చేతికి టీ అందించి చంక వైపు చూశాడు. "అంత మంచిగనే ఉంది గని సార్, చుక్క నిలువని ఇంటికి గా వైపర్ ఎందుకు?"

పెద్దాయన దాన్ని అప్పుడే చూసినట్టు చూసుకున్నాడు.

"వాటానికి వంక లేదండి," అన్నాడు చివరికి. "నీళ్ళన్నీ ఒక్క వైపుకే పోతాయి. అది మా హాలు వైపు."

ఆకాష్ పగలబడి నవ్వాడు. ఆ నేల మీద అమ్మను ఊహించుకోగానే మాత్రం ఫోన్ జేబులో పెట్టేశాడు.

"పక్క గల్లీల సత్తెమ్మక్క ఇంట్ల కొత్తగ బాత్రూమ్ కట్టిండ్రు," అన్నాడు ఎల్లేశం. "చెంబెడు నీళ్ళు పోసి చూద్దాం పా తమ్మి. మంచిగ పోతేనే గా మేస్త్రిని పిలుద్దాం."

"నేనూ వస్తాను. నీళ్ళ నడక నాకు తెలిసినంత ఎవరికి తెలుసు," అంటూ పెద్దాయనా లేచాడు. నాలుగడుగులు వేశాక గొంతు తగ్గించాడు. "ఆ మేస్త్రి మంచివాడైతే ముందు మా ఇంటికి పంపిస్తావా బాబూ? మా ఆవిడ హాల్లో చీర ఎగ్గట్టుకుని నిలబడి ఉంది."

"ముందు మా అమ్మకు అంకుల్," అన్నాడు ఆకాష్. "అందాక మీకు వైపరున్నది గద."