హౌ అన్న బొమ్మ

గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. అందుకే ఆ రోజు పెట్రోలు బంకు కొట్లో కాఫీ తాగుతున్న మా లకోటా ఆదివాసీ తెగవాళ్ళందరి ముందూ జరిగింది జరిగినట్టే చెప్పాను. ఒళ్ళో బొమ్మ. జింకతోలు గౌను, ఛాతీ నిండా నీలిపూసలు, గుర్రపు వెంట్రుకల జడలు. మా కాలేజీలో పాత బొమ్మల గాజు బీరువా ఉంది, అందులో ఒక్క చోటే మిగిలింది. తాళంచెవి మా మరదలు ఆర్లీన్ దగ్గర. ఆ చోట నా బొమ్మ, కింద నా పేరు. అంతే, ఇంకేం అడగను.

"వేలంపాటలో పాత కుట్టుపెట్టె కొన్నాను. అడుగున ఇది."

"అంతేనా?" అన్నాడు ఆర్లీన్ వాళ్ళన్నయ్య వెర్డెల్.

"అంతేనా అంటావేంటి బావా! పట్నం వ్యాపారులు లాక్కోబోయారు. ఒక్క చూపు చూశాను. టోపీలు వదిలేసి పరిగెత్తారు, వాళ్ళ వెనకాలే ఆ టోపీలూ పరిగెత్తాయి! తిరిగొస్తుంటే మంచుతుఫాను. నోరు తెరిస్తే మాటలు గడ్డకట్టి బండి మీద టపటపా రాలుతున్నాయి."

"అందుకా రోడ్డు మూసేసింది? నీ మాటలు ఎత్తిపొయ్యలేక?"

"నవ్వండి, నవ్వండి. బండి ఆగిపోయింది. తర్వాత ఏం జరిగిందనుకున్నావు? బొమ్మ కిందికి దిగింది! జానెడు మనిషి, ఈల వేస్తే కొండ అవతల్నుంచి అడవిదున్నల మంద కదిలొచ్చింది. ఓ జడ పెద్దదున్న కొమ్ముకి కట్టింది, రెండోది నా బండికి."

"జడ సరిపోయిందా?"

"పెరిగింది బావా, చూస్తుండగానే! ఊళ్ళోకి లాక్కొచ్చి, నా వైపు తిరిగి, పెద్దమనిషిలా 'హౌ' అంది."

ఆర్లీన్ నూనెలో వేయించిన రొట్టె తింటోందల్లా ఆగింది.

"ఏమంది బావా?"

"హౌ అంది. ఈ చెవులతో విన్నాను."

"గౌను వేసుకున్న బొమ్మేగా?"

కాఫీ నాకు పొలమారింది. మాలో పలకరింపుగా హౌ అనేది మగవాళ్ళు. ఆడవాళ్ళు హాన్ అంటారు. ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసు.

"అన్నల మధ్య పెరిగిందిలే, పాపం" అన్నాను.

ఆర్లీన్ బొమ్మని బల్ల మీద కూర్చోబెట్టి, తాళంచెవి దాని ఒళ్ళో పెట్టింది. "ఒక్కసారి హాన్ అనమను. బీరువా ఇప్పుడే తెరుస్తాను."

కొట్టంతా చెవులు రిక్కించింది. నేను కళ్ళతోనే బొమ్మని బతిమాలుకున్నాను.

వెర్డెల్ వంగి దాని మొహంలోకి చూశాడు.

"చెల్లీ, దీనికసలు నోరే కుట్టలేదే! దీని వాటా నోరు కూడా బావే పట్టేశాడు."