తిరగవాత లేని కూడు

ఆళ్లగడ్డలో ఒక ఇంటి వెనక వాకిలి. మధ్యాహ్నం దాటింది.

"చెప్పొద్దు గుల్జారక్కా. నీ కాళ్లు పట్టుకుంటా. ఇప్పుడే చెప్పొద్దు."

"చెప్పకుండ యాడికి పోతాం వాణమ్మా? మీ యత్తకు ఒక్కడే కొడుకు. నంద్యాల నుంచి బండి రావడం ఎంతసేపు? వాకిట్లో దించి పండుకోబెట్టినాక చెప్తావా, ఇదో నీ కొడుకు హరీష్ అని?"

"అప్పుడే చెప్తా. ముందు ఆమె నాలుగు ముద్దలు తినల్ల."

"ఇప్పుడు తిండి గురించా తల్లీ? మొగుడు పోయినాడని ఇప్పుడే గదా ఇంటివి!"

"సూది ఏసుకునిందక్కా. మీ కొడుకు సమీ నీకు ఫోన్ చేసేకి ముందే, నేను బడి నుంచి ఇంట్లో కాలు పెట్టేకి ముందే, షుగరు సూది పొడుచుకోని కూచ్చుంది. కూడు పెట్టు, కూడు పెట్టు అంటాంది. అది ఏసుకోని తినకపోతే ఏమైతాదో నీకు తెల్సు. ఉగాది ముందర చూసినావు గదా."

"చూసినా. కండ్లు తేలేసింది. మనం చక్కెర నోట్లో పోసి, చెంపలు కొట్టి..."

"ఇప్పుడు చెప్తే ఆ చక్కెర గూడ మింగదు. ఆయన్ను ఎత్తిందాంక పచ్చి గంగ ముట్టదు. ఒగే ఇంట్లో రెండు పాడెలు కట్టిస్తావా?"

"ఛీ, అట్లా మాట అనాకు."

"అంటాండా. అనేకి నాకేమన్నా ఇష్టమా?"

"నువ్వు ఏడ్చల్లేదు వాణమ్మా. అదే నాకు భయంగా ఉండాది. కడుపుతో ఉండే పిల్లవు. ఒగసారి ఏడ్చు. నా భుజం మీద తల పెట్టి ఏడ్చు."

"ఇప్పుడు ఏడిస్తే ఇంగ ఆపుకోలేనక్కా. ఆమె తినిందాంక ఏడ్చను. సమీ నిజంగా చూసినాడా? ఇంగెవురో ఏమో. మళ్లా ఒగసారి చెప్పు."

"నేను చెప్పలేను."

"చెప్పక్కా."

"లారీ అంట. మిల్లుకు తిరిగే మలుపు కాడ. జనాలు గుంపుగా ఉంటే మావాడు ఆటో నిలబెట్టి పోయి చూసినాడంట. చొక్కా చూసి గుర్తుపట్టినాడంట."

"పొద్దున జరిగితే ఇప్పుడా చెప్పేది?"

"బతుకుతాడేమోనని చూసినాడంటమ్మా. ఆసుపత్రిలో ఇంగ లేడని చెప్పినాక గూడ వానికి నోరు రాలేదంట. ఒగే బడిలో చదువుకున్నోళ్లు గదా. నాకు ఫోన్ చేసి, మా, నువ్వే చెప్పు, నేను చెప్పలేను అని ఒగటే ఏడుపు."

"ఆ నీలం గీతల చొక్కా ఇస్త్రీ చేసింది నేనే."

"కూడు ఉందా ఇంట్లో? మా ఇంట్లో నుంచి తేనా?"

"ఉంది. స్లో కుక్కర్లో ఉంది. ఆయన పెట్టిపోయిందే."

"హరీషా?"

"రోజూ ఆయనే గదా. నాకు నూనె వాసనకు వాంతులైతాంటే దాన్ని కొనుక్కొచ్చినాడు. కొర్రలు, పెసరబ్యాళ్లు, మెంతాకు అన్నీ ఒగేసారి ఏసి, నీళ్లు పోసి, స్విచ్చేసి మిల్లుకు పోతాడు. సన్నగా ఉడుకుతా ఉంటాది. నేను బడి నుంచి వచ్చేతలికి అయింటాది. ఈ పొద్దు గూడ... ఆ లైటు ఇంకా ఎలుగుతానే ఉండాదక్కా. ఆయన ఏసిన స్విచ్చు."

"యా అల్లా."

"వాణీ! మే వాణీ! ఎవురితో మే ఆ గుసగుసలు? ఈడ నా కడుపులో ఎలుకలు పరిగెత్తుతాండాయి!"

"వస్తాండా అత్తా! అక్కా, నువ్వు వీధి వాకిలి కాడికి పో. ఎవురన్నా వస్తే ఆడనే నిలబెట్టు. నోరు తెరవనియ్యాకు."

ఇంట్లో.

"గుల్జారుతో మాటల్లో పడితే నీకు అత్త గుర్తుండదు. ఏమంట దానికి?"

"పెరుగు తోడుకు వచ్చిందత్తా."

"నీ కండ్లేంది అట్లా ఎర్రగుండాయి?"

"ఎండలో నడిచొచ్చినా గదా. ఇదో, పళ్లెం. తిను."

"మళ్లా ఆ కరెంటు కుండ కూడేనా?"

"నీ కొడుకు పెట్టిపోయినాడు."

"వానికి పని లేదు. మొగోడు పొద్దున్నే లేచి పెండ్లానికి కుండ పెట్టిపోతాడు! వాళ్ల నాయన ఉన్నన్నాళ్లు చెంబుతో నీళ్లు ముంచుకోని తాగినోడు కాదు. నా కడుపున ఇట్లాటోడు ఎట్లా పుట్టినాడో."

"తిను అత్తా."

"తింటాలే. మంట లేదు, పొంగు లేదు, పొద్దున పెడితే మధ్యాన్నానికి. అది ఉడికేదా, మురిగేదా? మూత తియ్యాకు మా, తీస్తే ఆవిరి పోయి ఆలస్యమైతాది అని పొద్దున గూడ చెప్పిపోయినాడు. నేను తియ్యల్లే. ఈ ఒక్క పొద్దు వాని మాట ఇనినా."

"మెత్తగా ఉడికింది చూడత్తా. నీకు పండ్లు లేవని నీళ్లు ఎక్కువ పోసినాడు."

"ఊఁ. మెత్తగానే ఉంది. సప్పగుంది. తిరగవాత ఏది?"

"ఈ పొద్దుకు అట్లనే తినత్తా."

"తిరగవాత లేకుండనా? దూడకు పెట్టే కుడితా ఇది? ఇంత నూనె కాంచి, ఆవాలు, తెల్లగడ్డ, ఒట్టిమిరక్కాయ చిటపటమనిపిచ్చి పొయ్యి. అదేమన్నా పెద్ద పనా? కుండ నాది, తిరగవాత వాణిది అని వాడు రోజూ అంటాడు గదా."

"నూనె వాసనకు వాంతి వస్తాదత్తా."

"అది మూడో నెల్లో. నిన్న సాయంత్రం మిరక్కాయ బజ్జీలు కాల్చుకోని తింటివి. నాకు గూడ పెడ్తివి."

"ఈ పొద్దు మళ్లా వస్తాంది."

"అయితే జరుగు. నేనే కాంచుకుంటా. నాకు చేతులు లేవా?"

"వద్దు! కూచ్చో అత్తా! పొయ్యి కాడికి పోవద్దు!"

"ఏందే అట్లా అరుస్తావు?"

"గ్యాసు... గ్యాసు అయిపోయింది."

"మొన్న గదా సిలిండరు వచ్చింది? వాడే గదా భుజాన పెట్టుకోని లోపలికి తెచ్చింది?"

"అదే, అది లీకైతాంది. అందుకే ముట్టియ్యల్లే."

"నాకు వాసన రాలేదే. సరే, వానికి ఫోన్ చెయ్యి. గ్యాసోళ్లకు చెప్పమను. ఏమన్నా తినినాడేమో గూడ అడుగు. పొద్దున సద్ది తీసకపోలేదు."

"మిల్లులో మిషన్ల శబ్దానికి ఇనపడదత్తా."

"తినే టైములో గూడ మిషన్లేనా? చెయ్యి మే. ఎత్తుతాడు."

"చేస్తా. నువ్వు ముందు తిను. సూది ఏసుకున్నావు. నీ చెయ్యి వణుకుతాంది చూడు."

"వణకనీ. తీపి తినొద్దంటారు, ఉప్పు తగ్గియ్యమంటారు, ఇంగ తిరగవాత గూడ వద్దంటే నేను బతికేది ఏంటికి? వాకిట్లో ఎవురు? ఎవురో ముక్కు చీదినట్ల ఇనపడింది."

"ఎవురూ లేరత్తా."

"ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ గొంతు మాదిరి ఉండాది."

"ఆమెకు పడిశం పట్టింది. ఉండు, నేను చూసొస్తా. నువ్వు లెయ్యొద్దు. ఇట్లనే కూచ్చో."

వీధి వాకిలి.

"గుల్జారక్కా, సుబ్బలక్ష్మమ్మను ఎందుకు రానిస్తివి?"

"ఎనక్కి పంపిచ్చినా. కొంగు నోట్లో కుక్కుకోమని పంపిచ్చినా. ఇంగ ఎంతమందిని ఆపేది వాణమ్మా? ఊరంతా తెల్సిపాయ. తినిందా?"

"తిరగవాత లేంది తినదంట. పళ్లెం ముందర పెట్టుకోని కూచ్చుంది. చెమటలు పడతాండాయి."

"ఏసియ్యమ్మా మరి! బెరీన ఏసియ్యి."

"చేతులు రాలేదక్కా. ఇందాకే పొయ్యి కాడికి పోయినా. లైటరు పట్టుకున్నా. ఆయన దోవలో అట్లా పండుకోని వస్తాంటే నేను పొయ్యెట్లా ముట్టిచ్చేది? చావింట్లో పొయ్యి ముట్టియ్యగూడదు. మా యమ్మ పోయినప్పుడు పక్కిండ్లోళ్లు తెచ్చిపెడితే తినినాం గానీ, పొయ్యిలో అగ్గి పెట్టల్లేదు."

"ఆ కుక్కర్ ఉడుకుతానే ఉంది గదమ్మా?"

"అది ఆయన పెట్టింది. అప్పుడు ఇది చావిల్లు కాదు."

"సరే, సరే. ఏడ్చాకు. అనుకున్నావు గదా ఏడ్చనని. నేను మా ఇంట్లో కాంచుకోని తెస్తా. గరిటెతోనే తెస్తా. లోపలికి పో."

"తెల్లగడ్డ ఎక్కువ ఎయ్యక్కా. ఆమెకు ఇష్టం."

ఇంట్లో.

"మే గుల్జారూ, ఏంది ఆ గరిటె?"

"తిరగవాత పెద్దమ్మా. చెయ్యి తియ్యి, పోస్తా. చుయ్యిమంటాంది చూడు."

"మీ ఇంట్లో నుంచి తెచ్చినావా?"

"ఆఁ. మీ గ్యాసు లీకంట గదా."

"పక్కింట్లో నుంచి తెచ్చినావు."

"ఎప్పుడూ ఇచ్చుకునేదే గదా పెద్దమ్మా. నువ్వు మాకు ఊరగాయ ఇయ్యలేదా?"

"ఇచ్చినా. ఊరగాయ ఇచ్చినా."

"ఏంది అట్లా చూస్తాండావు? చల్లారిపోతాది, కలుపుకో."

"కలుపుకుంటా. నువ్వు నిలబడొద్దు, కూచ్చో. వాణీ."

"ఏమత్తా?"

"నువ్వు గూడ పెట్టుకో."

"నాకు ఆకలి లేదు. బడిలో తినొచ్చినా."

"బడిలో ఏం తినింటావు? రోజూ ఇంటికొచ్చే గదా తినేది. పెట్టుకో."

"తర్వాత తింటాలే."

"తర్వాత లేదు. నువ్వొగ ముద్ద తింటే నేనొగ ముద్ద తింటా. లేదంటే ఈ పళ్లెం ఇట్లనే తోసేస్తా."

"అత్తా, నాకు దిగదు."

"దిగుతాది. నీళ్లు తాగి మింగు. నేను మింగలేదా? చూడు, ఇదో."

"తింటాండా. నువ్వు ఆపొద్దు అత్తా. తిను."

"తింటాండా గదా. గుల్జారూ, కుండలో అడుగున ఉండేది గూడ గీరి దీనికి పెట్టు."

"వద్దక్కా, నాకు చాలు."

"పెట్టమంటాండా గుల్జారూ."

"అత్తా, ఆయనకు ఫోను... తర్వాత చేస్తాలే."

"ఫోనొద్దు. తిను."

"పెద్దమ్మా, నువ్వు బాగా తింటాండావు. చెమటలు గూడ తగ్గినాయి. సంతోషం."

"నీ ఫోను మోగుతాంది గుల్జారూ. ఎత్తు."

"మా సమీ... ఆఁ, చెప్పురా. శిరివెళ్ల దాటిందా? సరే. సరే, పెట్టెయ్."

"ఏం దాటింది?"

"బస్సు పెద్దమ్మా. వాడు బస్సులో వస్తాండాడు."

"సమీవుల్లాకు ఆటో ఉంది గదా."

"అది... రిపేరు."

"సరేలే. శిరివెళ్ల దాటితే ఇంగెంతసేపు. వాణీ, బెరీన తిను. నమలాకు, మింగు."

"ఏంటికత్తా అంత తొందర? నీకు కడుపు నిండిందా? నిండింటే నీకొగ మాట చెప్పల్ల."

"చెప్పాకు."

"అత్తా..."

"చెప్పాకు అంటాండా గదా! నువ్వు నోరు తెరిస్తే ఇద్దరికీ ముద్ద దిగదు. గరిటె పక్కింటి నుంచి వచ్చినెప్పుడే నాకు తెల్సిపాయ. పొయ్యి ముట్టియ్యని ఇల్లు ఏ ఇల్లో నాకు తెలీదా? హరీష్ వాళ్ల నాయన పోయిన దినం ఈ గుల్జారు వాళ్ల యత్తే గంజి తెచ్చి నా నోట్లో పోసింది."

"పెద్దమ్మా! నీకు తెల్సీ తింటాండావా?"

"నువ్వు ఊరుకో గుల్జారూ. వాణీ, ఏడ్చాకు. ఇప్పుడే ఏడ్చాకు. ఏడ్చేకి రేపుంది, మాపుంది, నా బతుకంతా ఉంది. నా కొడుకు పోయినాడు. మూతి తుడుచుకో. ఇంగొగ ముద్ద పెట్టుకో."

"నా వల్ల కాదత్తా. నువ్వు సూది ఏసుకున్నావనే నేను... నువ్వెట్లా మింగుతాండావు?"

"ఎట్లా మింగుతాండానో నాకే తెలీదు. కడుపులో రాళ్లు పడినట్ల పడతాండాయి. బండొస్తే జనాలొస్తారు. వచ్చినోళ్లు ముందు చేసే పనేంది? ఇంట్లో వండిన కూడు, తాగే నీళ్లు అంతా తీసకపోయి పెంట మీద పారబోసేది. ఈ కుండలో ఉండేది గూడ పారబోస్తారు. నేను వద్దన్నా ఇనరు."

"నేను పారబోయనియ్యను."

"నీ మాట ఎవురింటారే ఆ గోలలో? అందుకే తినమంటాండా. నా కోసరం తినాకు. నీ కోసరం తినాకు. నీ కడుపులో ఉండే బిడ్డకు వాళ్ల నాయన చేతి కూడు దొరికేది ఈ ఒక్క పూటే."